బ్రేక్ ఆంటీ సోమవారాలు

శనివారం పొద్దున మేముండే నోవై ఊళ్లో ఇండియన్ గ్రోసరీలో బెండకాయలు ఏరుతున్నాను. కొన విరిచి చూస్తే గానీ బెండకాయ కొనను నేను. ఆ షాపువాళ్లకి నేనంటే మంట. అప్పుడు ఫోన్ మోగింది. అవతల ఒక రిటైర్డ్ ప్లంబర్, బ్రేక్ ఆంటీతో కలిసి ఏళ్ల తరబడి ఆదివారాలు ధ్యానంలో కూర్చున్న పెద్దాయన.

"ఈ పొద్దున్నే వెళ్లిపోయింది" అన్నారు. "నిన్న సూప్ తాగిన గిన్నె తనే కడుగుతానని పేచీ పెట్టింది. లేవలేదు కదా, నర్సు చిన్న టబ్బులో నీళ్లు తెచ్చి మంచం మీదే పెట్టింది. కడిగింది, తుడిచింది, ఇచ్చింది. అంతే."

థాంక్యూ అన్నాను. చావు కబురు చెప్పిన మనిషికి థాంక్యూ చెప్పడం ఈ దేశంలో ఇన్నేళ్లున్నందుకు నాకబ్బిన విద్య. కొన విరిచిన బెండకాయ ఒకటి చేతిలో మిగిలింది. దాన్ని కోటు జేబులో వేసుకుని, మిగతావి అక్కడే వదిలేసి బయటికి వచ్చేశాను.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. పేరు పెట్టి పొగిడితే ఆవిడకి చెవులు ఎర్రబడేవి. మా ఇంట్లో ఆవిడ బ్రేక్ ఆంటీ. మా అమ్మాయి ఏడేళ్లప్పుడు పెట్టిన పేరు అది. నేను పనిచేసేది కారు బ్రేకులు పరీక్షించే ల్యాబ్‌లో. కారు లేకుండా బ్రేకు ఒక్కదాన్నే బిగించి, తిప్పి, ఆపి, మాడేదాకా వేడెక్కించి చూసే పెద్ద యంత్రాలు అక్కడ ఉంటాయి. డైనో అంటాం. ఆవిడ సీనియర్ టెక్నీషియన్. పొట్టి మనిషి, పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక టార్చి. ఫ్యామిలీ డే రోజు మా అమ్మాయిని తీసుకెళితే, ఆవిడ దాని చేతికి సన్నటి తీగ ఒకటి ఇచ్చారు. తీగ చివర వేడిని కొలిచే సెన్సర్, పెసరగింజంత.

"రెండు వేళ్లతో పట్టుకో. కదలకు. ఆ స్క్రీన్ చూడు."

స్క్రీన్ మీద ఇరవై రెండు డిగ్రీలుంది. ఇరవై నాలుగయింది. ఇరవై ఎనిమిది. ముప్పై రెండు దగ్గర ఆగింది.

"చూశావా, నువ్వు ఉన్నావు" అన్నారు, అదేదో అప్పుడే రుజువైనట్టు.

అమ్మాయి ఇంటికొచ్చి వారం రోజులపాటు ఫ్రిజ్ తలుపునీ, కుర్చీ కోడునీ, వాళ్లమ్మ చెవి తమ్మెనీ రెండు వేళ్లతో పట్టుకుని "యూ ఆర్ హియర్" అంటూ తిరిగింది.

అది పిల్లల కోసం కట్టిన వేషం కాదు. ఏ పరీక్ష మొదలుపెట్టినా ఆవిడ అంతే చేసేవారు. ఒక్కో మెషీన్‌కి ఎనిమిది సెన్సర్లు. ఎనిమిదింటినీ ఒక్కొక్కటే వేళ్ల మధ్య పట్టుకుని, స్క్రీన్ మీద ఆ నంబరే పెరుగుతోందో లేదో, దాని పక్కన రాసి ఉన్న చోటు కూడా అదేనో కాదో చూసుకునేవారు. అందరూ రెండు నిమిషాల్లో ముగించే పనికి ఆవిడకి పావుగంట పట్టేది. నేను గాజు తలుపు అవతల నిలబడి వాచీ చూసుకునేవాణ్ణి. ఇంత చాదస్తం ఎందుకని ఒకసారి అడిగేశాను కూడా. "ముందు ఉన్నామో లేదో చూసుకోవాలి కదా" అన్నారు. సెన్సర్ల గురించే అన్నారనుకున్నాను.

ఇక సోమవారాలు. వారం మొదట్లో మా ల్యాబ్‌లో పదిహేను నిమిషాల మీటింగు ఉంటుంది. తొందరగా ముగుస్తుందని అందరం నిలబడే ఉంటాం. ఎవరి పని ఎంతవరకు వచ్చిందో చెప్పాలి, అడ్డంకులేమైనా ఉన్నాయా అని మేనేజర్ అడుగుతాడు, "నో ఇష్యూస్" అంటాం. మన దేశం నుంచి వీసా మీద వచ్చిన ప్రతివాడూ నేర్చుకునే మొదటి మంత్రం అది. ఇల్లు తగలబడుతున్నా నో ఇష్యూసే.

బ్రేక్ ఆంటీ వంతు వచ్చినప్పుడు ఇలా ఉండేది. "బుధవారం రెండో మెషీన్ మీద ఒక బోల్టు తక్కువ బిగించాను. మళ్లీ చూసుకున్నప్పుడు తెలిసింది. రెండు పరీక్షలు తిరిగి చేశాను. నాది." ఇంకో వారం, "గురువారం స్టోర్స్‌లో ఆయన మీద విసుక్కున్నాను. ఆయన చేసిందేం లేదు. నాది." బయట మంచు పడుతోందని చెప్పినట్టు చెప్పేవారు. గొంతులో ఏడుపూ ఉండేది కాదు, గొప్పా ఉండేది కాదు. చివర ఆ "నాది" ఒక్కటి ఉండేది. అది చెప్పేసి, పక్క మనిషి ఏం చెబుతాడో వినడానికి అటు తిరిగేవారు.

కొత్తలో బిత్తరపోయాను. తర్వాత, పెద్దవయసు కదా అని జాలిపడ్డాను. ఆ తర్వాత ఒళ్లు మండింది. తప్పు ఒప్పుకోవడం కూడా వీళ్లకో విలాసం అనుకున్నాను. ఆవిడ తప్పు చేస్తే మహా అయితే ఇంటికి పంపిస్తారు. ఆవిడ ఇల్లు పది మైళ్ల దూరంలో ఉంది. నన్ను ఇంటికి పంపిస్తే నా ఇల్లు సత్తెనపల్లిలో ఉంది.

ఆవిడ బౌద్ధం పాటిస్తారని నాకు ఒక దసరాకి తెలిసింది. పొద్దున్నే కారుకి కుంకుమ బొట్లు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి ఆఫీసుకి వెళ్లాను. పార్కింగ్‌లో ఆవిడ చూసి అదేమిటని అడిగారు. మాకు అన్నం పెట్టే పనిముట్లకి ఏడాదికోసారి దండం పెట్టుకుంటామని చెప్పాను, లోలోపల సిగ్గుపడుతూనే. ఆవిడ మొహం విప్పారింది.

"ఏడాదికి ఒక్కసారేనా?" అన్నారు.

రోజూ డైనో స్విచ్ వేసే ముందు ఆవిడ కొద్దిగా తల వంచేవారు. నడుం నొప్పేమో అనుకునేవాణ్ణి ఇన్నాళ్లూ. మర్నాడు నా చేత కుంకుమ తెప్పించుకుని, సేఫ్టీ వాళ్ల కంట పడకుండా మెషీన్ వెనక ఒక బొట్టు పెట్టించుకున్నారు. వెలిసిపోయింది గానీ ఇప్పటికీ ఉంది.

ఆ రోజే మాది ఏ ప్రాంతమని అడిగారు. అమరావతికి గంట దూరం అన్నాను. చేతిలో పానా కింద పెట్టి, నన్ను లాకర్ దగ్గరికి తీసుకెళ్లారు. తలుపు లోపలివైపు ఏదో మ్యూజియంలో కొన్న పోస్ట్‌కార్డు అతికించి ఉంది. పాలరాతి మీద చెక్కిన చెట్టు, చెట్టు కింద ఖాళీ ఆసనం, చుట్టూ చేతులు జోడించిన మనుషులు. మా అమరావతి శిల్పమే. "బుద్ధుడి బొమ్మ లేదు చూడు. కూర్చునే చోటు మాత్రం ఉంది" అన్నారు. నేను ఆ రాయి స్వయంగా చెక్కినంత గర్వపడ్డాను. నిజానికి నాకు అమరావతి అంటే స్కూలు పిక్నిక్. అడ్డాకులో పులిహోర. పోస్ట్‌కార్డు ముందు నిలబడి ఆవిడ పొందుతున్న ఆశ్చర్యంలో పదోవంతు కూడా నేను ఆ శిల్పాల ముందు నిలబడి పొందలేదు.

పాఠకులు ఇక్కడిదాకా చదివి, ఈయన ఒక మంచి మనిషిని చూసి బాగుపడ్డాడు కాబోలు అనుకుంటారేమో. అంత లేదు. అసలు సంగతికి వస్తాను.

పన్నెండేళ్ల కిందట జనవరిలో ఒక కొత్త బ్రేకు పరీక్షకి వచ్చింది. బ్రేకు తొక్కితే చక్రంలో ఉండే ఇనుప పళ్లేన్ని రెండు ప్యాడ్లు చెరోవైపు నుంచి నొక్కుతాయి. లోపలిదొకటి, బయటిదొకటి. ఏది ఎంత వేడెక్కుతోందో చూడటానికి మూడో నంబరు సెన్సర్ లోపలి ప్యాడ్‌కి, నాలుగో నంబరు బయటి ప్యాడ్‌కి పెట్టాలి. ఏది ఎక్కడ పెట్టాలో రాసిచ్చే సెటప్ షీట్ ఇంజినీరు తయారు చేస్తాడు. ఆ ఇంజినీరుని నేనే. పని మీద పని ఉన్న వారం అది. ఇంకో పరీక్షకి రాసిన పాత షీట్ తీసి కాపీ పేస్ట్ చేశాను. అందులో మూడూ నాలుగూ తిరగేసి ఉన్నాయి. నేను చూసుకోలేదు.

ఆవిడ షీట్ ప్రింట్ తీసుకుని, దాని ప్రకారమే తీగలు బిగించారు. అలవాటు ప్రకారం మొదటి సెన్సర్ వేళ్ల మధ్య పట్టుకోబోతుంటే నేను గాజు తలుపు మీద తట్టి వాచీ చూపించాను. కస్టమర్ ఫోన్ లైన్లో ఉన్నాడు. ఆవిడ నా వైపు చూశారు, తీగ వదిలేశారు, మెషీన్ మొదలుపెట్టారు. ఆ ఒక్కసారే.

లోపలి ప్యాడ్ మాడుతుంటే బయటిది మాడుతోందని కస్టమర్‌కి నా రిపోర్టు వెళ్లింది. దాన్ని నమ్మి వాళ్లు గాలి తగిలే ఏర్పాటు అవసరం లేని వైపు చేసుకుంటారు.

మూడు వారాల తర్వాత, శుక్రవారం నాడు, వేరే పని మీద ఆ షీట్ తెరిచినప్పుడు చూశాను. తర్వాత కంప్యూటర్‌లో మూడుని నాలుగు చేసి, నాలుగుని మూడు చేసి సేవ్ చేశాను. ఇంకెవరికీ ఈ పొరపాటు జరగకూడదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఎంత పరోపకారిని!

ఇంటికెళ్లగానే మా ఆవిడ నా మొహం చూసి "లేఆఫా?" అంది. కాదన్నాను. జరిగింది చెప్పాను.

"ఎవరన్నా అడిగారా మిమ్మల్ని?"

"లేదు."

"మరి ఎదురెళ్లి చెప్పడం దేనికండీ? హెచ్‌వన్ వీసా ఎక్స్‌టెన్షన్ ఫైల్ అయ్యి ఉంది. అప్రూవ్ అయ్యేదాకా కదలకండి. తర్వాత చెబుదురుగాని."

నేను వినాలనుకున్నదే చెప్పింది, ఆమెని అనడానికేం లేదు.

సోమవారం మీటింగులో నా వంతు వచ్చింది. నో ఇష్యూస్ అన్నాను. తర్వాత బ్రేక్ ఆంటీ.

"జనవరిలో చేసిన కొత్త బ్రేకు పరీక్ష తప్పు. మూడూ నాలుగూ తారుమారయ్యాయి. శుక్రవారం తీగలు విప్పుతుంటే వేళ్లకి తెలిసింది. మొదలుపెట్టే ముందు నేను చూసుకోలేదు. నాది."

మేనేజర్ మొహం మాడిపోయింది. రిపోర్టు వెళ్లి మూడు వారాలైంది. "షీట్ ఏం చెబుతోంది?" అన్నాడు. నేను లాప్‌టాప్ తిప్పి చూపించాను. నేనే తిప్పాను. షీట్‌లో మూడు లోపలిది, నాలుగు బయటిది. అంతా సరిగ్గా ఉంది.

మేనేజర్ ఆవిడ వైపు చూశాడు. ఆవిడ స్క్రీన్ వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు, ఒక్కసారి, స్క్రీన్ మీద అంకెని చూసినట్టే. నేను నేల చూశాను. ఇప్పుడు అంటారు, ఇప్పుడు అంటారు అనుకున్నాను. నా ప్రింట్ నా దగ్గర ఉంది, దాని మీద ఇతని పొట్టి సంతకం ఉంది, అంటే సరిపోయేది.

"చూసుకోకపోవడం నాది" అన్నారు మళ్లీ. అక్కడితో ఆపేశారు.

ఆవిడ అబద్ధం ఆడలేదు. నన్ను కాపాడనూ లేదు. తన భాగం ఎంతో అంత చెప్పి, నా భాగానికి ఖాళీ వదిలి, అది ఎవరు నింపుతారోనని నిలబడ్డారు. లాకర్ తలుపు మీద ఆ ఖాళీ ఆసనం గుర్తొచ్చింది నాకు. నేను కూర్చోలేదు.

కస్టమర్‌కి ఫోన్ వెళ్లింది. పరీక్షలన్నీ మళ్లీ చేశారు. ఆవిడ నోరు విప్పబట్టి ఆ తప్పు రోడ్డెక్కలేదు. ఆవిడకి మాత్రం రాతపూర్వకంగా వార్నింగ్ ఇచ్చి ఫైల్లో పెట్టారు. కొత్తగా చేరినవాళ్లకి పని నేర్పే బాధ్యత తీసేశారు. ఆవిడకి ఆ ల్యాబ్‌లో అన్నిటికంటే ఇష్టమైన పని అదే. మర్నాటి నుంచి ఇంకొకాయన నేర్పించాడు. సెన్సర్లు పట్టుకుని చూడటం ఆయన నేర్పలేదు, రెండు నిమిషాల్లో ముగించేవాడు.

ఆ తర్వాతి సోమవారాలూ ఆవిడ మానలేదు. "ఈ వారం నా బెంచీ తుడవకుండా వెళ్లిపోయాను. నాది." నేను లాప్‌టాప్‌లోకి చూసేవాణ్ణి.

నెల గడిచింది. లంచ్ టైంలో ఆవిడ నా బల్ల దగ్గరికి వచ్చారు. చేతిలో గిన్నె ఉంది. అన్నం తిన్నాక గిన్నెలో వేడినీళ్లు పోసి, తిప్పి, ఆ నీళ్లు తాగేయడం ఆవిడ అలవాటు. మొదటిసారి చూసినప్పుడు ఛీ అనుకున్నాను, తర్వాత మా తాతయ్య కంచంలో నీళ్లు పోసుకుని అదే పని చేసేవాడని గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. ఆ రోజు ఆవిడ నా ముందే నీళ్లు తాగేసి, గిన్నె పక్కన పెట్టి, జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి నా కీబోర్డు మీద పెట్టారు. విప్పకుండానే తెలిసింది. నా షీట్ ప్రింట్, దిద్దకముందుది.

"ఇది నీది. నా టూల్‌బాక్సులో ఉంటే రోజూ తీసి చూస్తున్నాను. చూసినప్పుడల్లా కోపం వస్తోంది. నువ్వే పెట్టుకో."

"మీరు... ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"నాది చెప్పాను. నీది నేనెలా చెప్తాను?"

ఉన్న ఒక్క సాక్ష్యం నా చేతిలో పెట్టి, గిన్నె తీసుకుని వెళ్లిపోయారు. ఇన్నేళ్లలో నేను చూసిన వింతల్లో దానికి సాటి వచ్చేది ఇంకొకటి లేదు. మన పురాణాల్లో తపస్సులు చేసినవాళ్ల కథలు బోలెడు విన్నాను. మధ్యాహ్నం పన్నెండున్నరకి, ఫ్లోరెసెంట్ లైట్ల కింద, కోపంగా ఉన్నానని చెబుతూ కోపానికి ఆయుధం లేకుండా చేసుకున్న మనిషిని మాత్రం అక్కడే చూశాను.

ఆ వారంలోనే అడిగాను, మీ ఆదివారం ధ్యానం మీటింగుకి నేనూ రావచ్చా అని. అక్కడ చెప్పేస్తాను అనుకున్నాను. ఆఫీసు కాదు, వీసా గొడవ లేదు.

ఒక నెయిల్ సెలూన్‌కీ పిజ్జా షాపుకీ మధ్య చిన్న గది. బయట మంచు బూట్ల వరస. లోపల పన్నెండు మంది, అందరూ ఈ దేశంవాళ్లే. స్కూల్ బస్సు నడిపే ఆవిడ, పళ్ల డాక్టరు, మన ప్లంబరు పెద్దాయన. నేను బుద్ధుడి దేశంవాణ్ణి కాబట్టి కింద కూర్చోవడం నాకు మంచినీళ్ల ప్రాయం అనుకుని మెత్త ఇచ్చారు. పది నిమిషాలకి రెండు కాళ్లూ తిమ్మిరెక్కాయి. బస్సు నడిపే ఆవిడకి డెబ్బై దగ్గర, రాతిబొమ్మలా కూర్చుంది. లోకమంతా నిశ్శబ్దం, నా మోకాలు తప్ప.

తర్వాత టీ ఇచ్చారు. అది పౌర్ణమికి దగ్గరి ఆదివారం. ఆ రోజు ఒక్కొక్కరూ తమ తప్పు ఒకటి చెప్పుకుంటారట. నిర్వాణం, శూన్యం, అలాంటి మాటలు వినిపిస్తాయని సిద్ధపడి వెళ్లాను. బస్సు ఆవిడ, ఒక తల్లి మీద కేకలేశానంది. ప్లంబరు, ఇంకా పనికొచ్చే పైపుని పాడైపోయిందని చెప్పి మార్చాననీ, రేపు వెళ్లి ఆ ఇంటివాళ్లకి చెబుతాననీ అన్నారు. డాక్టరు డిష్‌వాషర్ సర్దే విషయంలో భార్యతో పోట్లాడిన సంగతి చెబితే అందరూ నవ్వారు, ఆయనతో సహా. ఎవరూ ఎవరికీ సలహా ఇవ్వలేదు. వినడం ఒక్కటే చేశారు. మనుషులు అంత శ్రద్ధగా వినడం నేనెప్పుడూ చూడలేదు. మనవాళ్ల పార్టీల్లో ఒకడు మాట్లాడుతుంటే మిగతావాళ్లు తమ వంతు కోసం ఊపిరి బిగబట్టి ఉంటారు, నేనూ అంతే.

బ్రేక్ ఆంటీ, "నాలో ఒక కోపం ఉంది. ఇంకా పోలేదు. నాది" అన్నారు. మేనేజర్ మీద కాబోలు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

నా వంతు వచ్చింది. కాగితం నా జేబులోనే ఉంది. నోరు తెరిచాను. "మాది అమరావతి దగ్గర" అన్నాను. పన్నెండు మొహాలూ వెలిగాయి. ఇక ఆపలేకపోయాను. స్తూపం, పాలరాయి, కృష్ణ ఒడ్డు, స్కూలు బస్సు, అడ్డాకులో పులిహోర. పులిహోరలో ఇంగువ ఎప్పుడు వేయాలో కూడా చెప్పాను. ఆ పన్నెండు మందీ పులిహోరని కూడా అంతే శ్రద్ధగా విన్నారు. ఆవిడ కూడా విన్నారు. తర్వాతి పౌర్ణమికి పెద్ద గిన్నెడు చేసి పట్టుకెళ్లాను. అందరూ మెతుకు మిగల్చకుండా తిన్నారు. ఆ తర్వాత వెళ్లడం మానేశాను.

తర్వాత చెబుదురుగాని అంది కదా మా ఆవిడ. ఎక్స్‌టెన్షన్ వచ్చింది. గ్రీన్ కార్డుకి ముందు మెట్టు ఐ-వన్ ఫార్టీ, అది అయ్యాక అనుకున్నాను. అదీ అయ్యింది. గ్రీన్ కార్డు చేతికొచ్చాక అనుకున్నాను. ఈలోగా ఆవిడ రిటైరయ్యారు, కేకు కోశారు, వార్నింగ్ కాగితం ఆవిడ ఫైల్లో అలాగే ఉంది. ఏడాదికి రెండు మూడుసార్లు అమ్మాయిని తీసుకుని ఆవిడ ఇంటికి వెళ్లేవాణ్ణి. టీ పోసేవారు, అమ్మాయి చదువు అడిగేవారు, ఒక్కనాడూ ఆ ఊసు ఎత్తలేదు. గ్రీన్ కార్డు వచ్చింది. నన్ను ల్యాబ్ మేనేజర్‌ని చేశారు. ఇప్పుడు చెబితే కొత్త మేనేజర్ పరువేం కాను అనుకున్నాను. ఆ షీట్ గ్రీన్ కార్డు కాగితాలున్న ఫైల్లోనే పెట్టాను, భద్రంగా.

పోయిన నెల ఆవిడని చూడటానికి వెళ్లాను. డాక్టర్లు చేతులెత్తేశాక ఆవిడ ఇంటికే వచ్చేశారు. కిటికీ పక్కన మంచం వేశారు. చేతులు పుల్లల్లా అయ్యాయి. కుర్చీ లాక్కుని కూర్చుని ఒక్క గుక్కలో చెప్పేశాను. షీట్ తప్పు రాసింది నేను, తొందరపెట్టింది నేను, దిద్దింది నేను, క్షమించండి అని.

"నాకు చెప్పడం సులువు. నాకు ముందే తెలుసు కాబట్టి" అన్నారు.

నేను తల వంచుకున్నాను.

"నీ మీద చాలాకాలం కోపంగా ఉన్నాను. ప్రతి పౌర్ణమికీ మావాళ్లకి చెప్పుకునేదాన్ని, పేరు లేకుండా. ఒక పౌర్ణమికి నువ్వూ ఉన్నావు."

"ఎప్పుడు పోయింది?"

ఆలోచించారు. నా మీద దయతో కాదు, సరైన లెక్క చెప్పడం కోసం ఆలోచించారు. "పులిహోర తెచ్చావు చూడు, ఆ రోజు సగం పోయింది."

"మిగతా సగం?"

"మిగతాది నాది" అని నవ్వారు. దగ్గొచ్చింది. నీళ్లు పట్టించాను. "ఆ కాగితం ఉందా?" అని అడిగారు. ఉందన్నాను. తలాడించి కళ్లు మూసుకున్నారు. ఆవిడతో నా ఆఖరి మాట అదే.

ప్లంబరు ఫోన్ వచ్చిన మర్నాడు, ఆదివారం, ఆ నెయిల్ సెలూన్ పక్క గదిలో ఆవిడ కోసం కూర్చున్నారు. అమ్మాయి కాలేజీ నుంచి వచ్చింది, అదే డ్రైవ్ చేసింది. దారిలో దానికి మొత్తం చెప్పాను. రోడ్డు మీంచి చూపు తిప్పకుండా వింది.

"అంటే... ఆంటీ మీద వేసేశావా నాన్నా?"

"వేయలేదు. పడుతుంటే చూస్తూ నించున్నాను."

"సేమ్ కదా?"

సేమే. బండి ఆపాక అది నా చెయ్యి రెండు వేళ్లతో పట్టుకుని కాసేపు ఉంది.

మర్నాడు సోమవారం. ఇప్పుడు అడ్డంకులేమైనా ఉన్నాయా అని అడిగేది నేనే. తొమ్మిది మంది నిలబడ్డారు. అందులో ఆరుగురు వీసా మీద ఉన్నవాళ్లు. నో ఇష్యూస్, నో ఇష్యూస్, నో ఇష్యూస్. నేను జేబులోంచి మడతల దగ్గర చిరిగిపోతున్న కాగితం తీశాను. పన్నెండేళ్ల కిందట నేనేం చేశానో చెప్పాను. తప్పు రాశాను, తొందరపెట్టాను, ఎవరికీ చెప్పకుండా దిద్దాను, ఇంకొకరి మీద పడుతుంటే ఊరుకున్నాను. ఆవిడ పేరు వాళ్లలో చాలామందికి తెలియదు. కాగితం చేతులు మారింది. చివర "నాది" అనాలి. ఆ రెండక్షరాలు ఆవిడ అంత తేలిగ్గా ఎలా అనేవారో ఈ జన్మకి నాకు అర్థం కాదు. కాగితం చుట్టూ తిరిగి నా చేతికొచ్చాక గానీ నేను అనలేకపోయాను.

వీసా మీదున్న ఆ ఆరుగురూ నేల చూశారు. నేను చూసిన నేలే.

ఆ మధ్యాహ్నం హెచ్ఆర్‌కి ఉత్తరం రాశాను, ఆవిడ ఫైల్లో వార్నింగ్ తీసేయమని. ఆ ఫైల్ మూసేశాం, మార్చడానికి వీల్లేదు, మీ ఉత్తరం మీ ఫైల్లో పెడుతున్నాం అని జవాబు వచ్చింది. ఉండాల్సిన చోటే పెట్టారు. నా సంగతి ఏం చేయాలో డైరెక్టరు ఇంకా తేల్చలేదు. పిలుస్తానన్నాడు.

తర్వాతి సోమవారం అందరూ మళ్లీ నో ఇష్యూసే అన్నారు. నేను, "శుక్రవారం ఒకరి మెయిల్ చదవకుండానే చదివానని చెప్పాను. నాది" అన్నాను. మీటింగు అయ్యాక ఒక్కణ్ణే మెషీన్ దగ్గరికి వెళ్లాను. వెనక వెలిసిన బొట్టు ఉంది. పరీక్షకి తీగలు బిగించి సిద్ధంగా ఉన్నాయి, నేను చూడాల్సిన పనేం లేదు. అయినా మూడో నంబరు సెన్సర్ చేతిలోకి తీసుకుని, రెండు వేళ్ల మధ్య పట్టుకుని, కదలకుండా నిలబడ్డాను. స్క్రీన్ మీద ఇరవై ఒకటి. ఇరవై అయిదు. ఇరవై తొమ్మిది. ముప్పై రెండు దగ్గర ఆగింది. ఇన్నేళ్లలో ఈ పని నేను స్వయంగా చేయడం అదే మొదలు. అందువల్ల ఒక సంగతి అప్పటిదాకా నాకు తెలియదు. వేళ్లు తీసేశాక అంకె వెంటనే పడిపోదు. ముప్పై రెండు దగ్గరే కాసేపు నిలబడింది. తర్వాత ముప్పై ఒకటి. చాలాసేపటికి ముప్పై.